పసిపిల్లల చిరుతిండి: సలహా ఒకటి, ప్యాకెట్ ఒకటి

ఏడాది నిండిన బిడ్డకు చిరుతిండి పెట్టవచ్చా? నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. "పెడితే అన్నం మానేస్తాడు" అంటుంది అమ్మమ్మ. "బిస్కెట్ అయితే పరవాలేదు, తేలిగ్గా అరుగుతుంది" అంటుంది పక్కింటావిడ. "జంక్ ఫుడ్ మానండి" అంటుంది ఆసుపత్రి గోడమీది పోస్టరు. పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2003లో ప్రచురించిన మార్గదర్శక సూత్రాలు తిరగేస్తే మాత్రం, భోజనాలు కాక రోజుకు ఒకటి రెండుసార్లు పోషక విలువలున్న చిరుతిండి కూడా ఇవ్వమని కనిపిస్తుంది.

ఇంతకీ ఎవరి మాట వినాలి? అమ్మమ్మ మాటలో అనుభవం ఉంది, పోస్టరు మాటలో నిజం ఉంది, శాస్త్రజ్ఞుల మాటలో లెక్క ఉంది. అయితే బిడ్డ చేతిలోకి వచ్చేది మాత్రం ఎక్కువగా పక్కింటావిడ చెప్పిన బిస్కెట్టే. అలా ఎందుకు జరుగుతోందో తెలుసుకోవాలంటే తల్లులను తప్పుపట్టడం మాని, వారి కోసం రాసిన రాతలను ఒకసారి పరీక్షించాలి.

పసిపిల్లల తిండి విషయంలో మన దేశంలో మూడు రకాల రాతలున్నాయి. మొదటిది సలహా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఈ కోవలోకి వస్తాయి. రెండవది చట్టం. 1992 నాటి శిశు ఆహార చట్టం, ఢిల్లీలో కోట్లా రోడ్డులోని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చేసే నిబంధనలు ఇందులో భాగం. మూడవది ప్యాకెట్ మీది లేబుల్. విడివిడిగా చూస్తే మూడూ సబబుగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం వాటి మధ్య ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. ఐదు రూపాయల ప్యాకెట్ ఆ ఖాళీలోంచే ఇంట్లోకి వస్తోంది.

చిన్న పొట్ట, పెద్ద అవసరం

ముందు లెక్క చూద్దాం. పసిబిడ్డ జీర్ణాశయం పట్టే తిండి, బరువులో కిలోకు సుమారు 30 గ్రాములని పోషకాహార శాస్త్రజ్ఞుల అంచనా. తొమ్మిది నెలల బిడ్డ ఎనిమిది కిలోలుంటే ఒక్కసారికి 240 గ్రాములు, అంటే ఒక గ్లాసెడు పడుతుందన్నమాట. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ఆ పాలు కాక పైతిండి నుంచి రోజుకు కావలసిన శక్తి 6 - 8 నెలల మధ్య దాదాపు 200 కేలరీలు, 9 - 11 నెలల మధ్య 300, ఏడాది నుంచి రెండేళ్ళ దాకా 550 కేలరీలు.

ఇప్పుడు మన ఇళ్ళలో కాచే పలచటి జావను తీసుకోండి. గ్రాముకు అర కేలరీ మించదు. ఏడాదిన్నర బిడ్డకు 550 కేలరీలు దానితోనే రావాలంటే కిలోకు పైగా జావ తాగాలి. పది కిలోల బిడ్డ పొట్ట పట్టేది 300 గ్రాములు. అంటే దాదాపు నాలుగుసార్లు పొట్ట నిండా తాగితే గాని లెక్క సరిపోదు. ఏ బిడ్డా అంత తాగదు. అందువల్ల మార్గాలు రెండే. తిండిని చిక్కగా, సారవంతంగా చేయడం ఒకటి. ఎక్కువసార్లు పెట్టడం రెండవది. నిజానికి రెండూ కావాలి.

అందుకే రెండేళ్ళ లోపు బిడ్డకు భోజనాల మధ్య తినడం దురలవాటు కాదు, అవసరం. పెద్దవాళ్ళకు ఊబకాయం రాకుండా చెప్పే "మధ్యలో ఏమీ తినకండి" అనే సలహాను పసిబిడ్డకు అప్పగించడం పొరపాటు. మధ్యలో తినాలా వద్దా అని కాదు, ఆ మధ్యలో ఏది తినాలి అన్నదే అడగవలసిన ప్రశ్న. మన సలహాలు తడబడుతున్నది సరిగ్గా ఇక్కడే.

ఒకే మాటకు మూడు అర్థాలు

ఆరోగ్య రచనలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేవారికి 'స్నాక్' అనే మాట దగ్గర కలం ఆగుతుంది. నిఘంటువు చూస్తే 'చిరుతిండి' సిద్ధంగా ఉంటుంది. కాని తెలుగింట్లో చిరుతిండి అంటే జంతికలు, చేగోడీలు, మిఠాయి ఉండలు. అది సరదా కోసం తినేది, ఆకలి తీర్చేది కాదు. "చిరుతిళ్ళు మరిగాడు" అంటే పిల్లవాడి మీద నేరం మోపడమే. ఢిల్లీలో ఆసుపత్రికి వెళ్ళిన తెలుగు తల్లికి ఇంకో చిక్కు. హిందీలో పొద్దుటి ఫలహారమూ నాశ్తానే, సాయంత్రం టీతో తినేదీ నాశ్తానే. ఇక బజారు భాషలో స్నాక్ అంటే గలగలలాడే ప్యాకెట్ తప్ప మరొకటి కాదు.

2003 నాటి సూత్రాల్లో ఈ మాటకు ఉన్న అర్థం వేరు. భోజనాల మధ్య తినేది, చేయడం తేలికైనది, సాధారణంగా బిడ్డ తన చేత్తో పట్టుకుని తానే తినగలిగేది అని దాని భావం. మగ్గిన అరటిపండు ముక్క, ఉడికించిన చిలగడదుంప, నేతితో తడిపిన మెత్తని ఇడ్లీ ముక్క, ఉడికిన గుడ్డులో పావు భాగం - ఇవన్నీ ఈ అర్థంలో చిరుతిండే. బిడ్డ వేళ్ళతో పట్టుకోవడం, నమలడం నేర్చుకునేది కూడా వీటితోనే. తెలుగులో ఈ అర్థం రావాలంటే 'చిరుతిండి' అని ఒక్క మాట అనువదించి ఊరుకుంటే చాలదు. 'భోజనానికీ భోజనానికీ మధ్య ఇంటి తిండి కొద్దిగా' అని విడమరచి చెప్పాలి. కరపత్రంలో ఒక లైను పెరిగినా నష్టం లేదు.

2024 మార్గదర్శకాల కూర్పులోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. అది విలువైన గ్రంథం, అందులో సందేహం లేదు. మొత్తం 17 సూత్రాలు. మూడవ సూత్రం తల్లిపాల గురించి. ఆరు నెలలు నిండగానే ఇంట్లో చేసిన మెత్తని ఆహారం మొదలుపెట్టమని నాలుగవది. పదిహేనవది కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్నవాటినీ, బాగా ప్రాసెస్ చేసిన ఆహారాలనూ తగ్గించమంటుంది. పదిహేడవది లేబుల్ చదవమంటుంది. మరి ఏడాదిన్నర బిడ్డ చేతిలోని బిస్కెట్ ఏ సూత్రం కిందికి వస్తుంది? కొంత నాలుగు, కొంత పదిహేను, కొంత పదిహేడు. అసలు పిల్లల ఆహారానికి కేటాయించిన ఐదవ సూత్రం పిల్లలనూ కౌమారులనూ ఒకే శీర్షిక కింద చేర్చింది. ఏడాదిన్నర బిడ్డ తనంత తాను కొనుక్కోదు, అడగనూ లేదు. పదహారేళ్ళ కుర్రవాడు దుకాణానికి వెళ్ళి కొనుక్కుంటాడు. ఇద్దరికీ తిండి దారి వేరు. సలహా దారీ వేరుగానే ఉండాలి.

ఈ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకం సూటిగా ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలు రకరకాల తిండి తినాలి. గుడ్డు, మాంసం, చేప వంటి జంతు సంబంధమైన ఆహారం, పండ్లు, కూరగాయలు రోజూ ఉండాలి. చక్కెర, ఉప్పు, ట్రాన్స్ కొవ్వులు ఎక్కువగా ఉన్న పదార్థాలు, తియ్యని పానీయాలు అసలు ఇవ్వకూడదు. కృత్రిమ తీపి పదార్థాలూ వద్దు. అచ్చమైన పండ్లరసమైనా పరిమితంగానే. 'తగ్గించండి' అని పెద్దవారికి చెప్పే చోట పసివారికి 'వద్దు' అని చెప్పింది. ఈ తేడా మన కరపత్రాల్లోకి ఇంకా రావలసే ఉంది.

డబ్బాకు చట్టం, బిస్కెట్‌కు లేదు

మన దేశంలో 1992లో వచ్చి, 2003లో సవరణ పొందిన శిశుపాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల చట్టం ప్రపంచంలోని గట్టి చట్టాల్లో ఒకటి. రెండేళ్ళ లోపు పిల్లల కోసమంటూ అమ్మే పాలపొడులకు, ఆహారాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. వైద్యులకు కానుకలు ఇవ్వకూడదు. ఈ చట్టం వెనుక తల్లిపాల కోసం పనిచేసిన వైద్యుల, కార్యకర్తల ఏళ్ళ శ్రమ ఉంది.

కాని చట్టంలో 'శిశు ఆహారం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. ఆరు నెలల తర్వాత రెండేళ్ళ దాకా తల్లిపాలకు తోడుగా పనికివస్తుందని చెప్పి అమ్మే ఆహారమే శిశు ఆహారం. అంటే పదార్థం ఎవరి పొట్టలోకి పోతోందన్నది కాదు, దాన్ని ఏ పేరుతో అమ్ముతున్నారన్నదే ముఖ్యం. బిస్కెట్ కంపెనీ ఎన్నడూ ఇది ఏడాది బిడ్డకని రాయదు. రాయవలసిన అవసరమూ లేదు. ఢిల్లీలో ఏ కాలనీ కిరాణా దుకాణం ముందు నిలబడినా, ఏ ఆంధ్ర పల్లెలో బడ్డీకొట్టు ముందు నిలబడినా, చంకలో బిడ్డతో వచ్చిన తల్లి కొనేది అదే. ఆ ప్యాకెట్ మీద ఈ చట్టం నీడ కూడా పడదు.

పోనీ, చట్టం పరిధిలోకి వచ్చే డబ్బాలైనా సక్రమంగా ఉన్నాయా? 2020లో నోటిఫై అయిన శిశు పోషకాహార నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. చక్కెర గాని, ఫ్రక్టోజ్ గాని కలపకూడదు. పిండిపదార్థంగా అవసరమైతే మాత్రం మొత్తం పిండిపదార్థాల్లో 20 శాతం మించకూడదు. ముందు వాక్యంతో మూసిన తలుపును వెనక వాక్యంతో తెరిచినట్టుంది. నూరు గ్రాముల్లో 70 గ్రాముల పిండిపదార్థాలున్న శిశు ఆహారంలో 14 గ్రాముల చక్కెర దాకా ఈ లెక్కన చట్టబద్ధమే.

2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, అంతర్జాతీయ శిశు ఆహార కార్యాచరణ వేదికతో కలిసి ఒక నివేదిక ప్రచురించింది. నెస్లే కంపెనీ భారతదేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కోసారి పెట్టే మోతాదుకు సగటున 2.7 గ్రాముల అదనపు చక్కెర ఉందనీ, అదే కంపెనీ స్విట్జర్లాండ్‌లో అమ్మే ఇలాంటి ఆహారంలో చక్కెర కలపడం లేదనీ అందులో తేలింది. తాము భారతీయ చట్టాలను పాటిస్తున్నామనీ, ఐదేళ్ళలో చక్కెరను 30 శాతం దాకా తగ్గించామనీ కంపెనీ జవాబిచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో శుద్ధిచేసిన చక్కెర లేని రకాలను కూడా ప్రకటించింది. కంపెనీ జవాబులో అసలు విషయం దాగి ఉంది. చట్టాన్ని పాటిస్తూనే బిడ్డకు చక్కెర పెట్టవచ్చు. అప్పుడు తప్పుపట్టవలసింది ఒక్క కంపెనీని కాదు, ఆ వాక్యాన్ని కూడా.

పేరు ఎంత పని చేస్తుందో చెప్పే మరో ఉదాహరణ మన హైదరాబాదు నుంచే వచ్చింది. పిల్లలకు విరేచనాలైనప్పుడు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు పేరులో 'ఓ.ఆర్.ఎస్.' అనే అక్షరాలు చేర్చుకుని మందుల దుకాణాల్లో అమ్ముడుపోయాయి. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీరు ఇంకా లాగబడి విరేచనాలు పెరుగుతాయి. పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. 2022లో కోట్లా రోడ్డు సంస్థ ముందు వద్దని, కొద్ది నెలలకే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదు' అని డబ్బా మీద రాస్తే చాలని సడలించింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపులను ఉపసంహరించింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు కూడా వెళ్ళాయి. మూడక్షరాలు తీసివేయించడానికి అంతకాలం పట్టింది.

లేబుల్ ఎవరి కోసం?

"లేబుల్ చదివి కొనండి" అన్న సలహా వినడానికి బాగుంటుంది. చదవబోయిన తల్లికి ఏం కనిపిస్తుందో చూద్దాం.

మొదటి చిక్కు భాష. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. మిగిలిన భాషలు కంపెనీ ఇష్టం. అదే కంపెనీ టీవీ ప్రకటనలో మాత్రం చక్కని తెలుగు మాట్లాడుతుంది. అమ్మడానికి తెలుగు కావాలి, చెప్పడానికి అక్కరలేదు!

రెండవ చిక్కు లెక్క. ప్యాకెట్ మీద 'రోజువారీ అవసరంలో ఇంత శాతం' అని ఉంటుంది. ఆ రోజువారీ అవసరం 2000 కేలరీలు తినే పెద్ద మనిషిది. అందులో అదనపు చక్కెర 50 గ్రాములు. మామూలు గ్లూకోజ్ బిస్కెట్లలో నాలుగో వంతు దాకా చక్కెరే ఉంటుంది. నాలుగు చిన్న బిస్కెట్లు, అంటే సుమారు 20 గ్రాములు తింటే 5 గ్రాముల చక్కెర. లేబుల్ లెక్కలో అది 10 శాతం. పరవాలేదనిపిస్తుంది. కాని ఒకటి నుంచి మూడేళ్ళ బిడ్డకు రోజుకు కావలసింది దాదాపు 1000 కేలరీలే. అదే లెక్కను బిడ్డకు వేస్తే 10 శాతం కాస్తా 20 శాతం అవుతుంది. రెండేళ్ళ లోపు బిడ్డకైతే ఇలాంటి తీపి తిండే వద్దని 2023 సలహా. అప్పుడు ఏ శాతానికీ అర్థం లేదు.

చక్కెర కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆ నాలుగు బిస్కెట్లు సుమారు 90 కేలరీలిస్తాయి. పైతిండి నుంచి కావలసిన 550లో ఇది ఆరో వంతు. ఆ మేరకు పొట్ట నిండింది, ఆకలి చచ్చింది. వచ్చింది మైదా, చక్కెర, నూనె. దాదాపు అన్నే కేలరీలకు ఒక గుడ్డు తింటే ఆరు గ్రాముల మేలైన మాంసకృత్తులు, దానితోపాటు విటమిన్లు, ఖనిజ లవణాలు వచ్చేవి. "అన్నం మానేస్తాడు" అన్న అమ్మమ్మ మాటలోని శాస్త్రం ఇదే. నేపాల్‌లోని ఖాట్మండు లోయలో ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిపాలు కాక తినే తిండిలో దాదాపు నాలుగో వంతు శక్తి ఇలాంటి చిరుతిళ్ళ నుంచే వస్తోందని తేలింది. అవి ఎక్కువ తినే పిల్లలకు సూక్ష్మ పోషకాలు తక్కువ అందాయి. ఎత్తు కూడా తక్కువగా ఉంది.

మన పిల్లల పరిస్థితి ఏమిటి? 2019 - 21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళ లోపు పిల్లల్లో, ఆరు నెలలు దాటినవారిలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఢిల్లీలో 69.2 శాతం, తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. దేశ రాజధానిలో ఉన్నంత మాత్రాన బిడ్డ రక్తం చిక్కబడలేదన్నమాట. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో తగినన్నిసార్లు, తగినన్ని రకాల ఆహారం అందుతున్నవారు దేశం మొత్తం మీద నూటికి 11 మందే. పోషకాల కొరత ఇంతగా ఉన్నచోట, పొట్టలో ఆరో వంతును సారంలేని తిండితో నింపడం చిన్న విషయం కాదు.

ప్రభుత్వ ప్యాకెట్‌లోనూ తీపి

ఇదంతా కంపెనీల పని అని తేల్చేస్తే సగం నిజమే చెప్పినట్టు. మన ప్రభుత్వ ఆహారాల్లోనూ తీపికి పెద్ద పీటే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిశ్రమం' చాలామందికి తెలిసే ఉంటుంది. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో దాదాపు నాలుగో వంతు బెల్లమే. ఎముకలు తేలి, కాళ్ళు వాచి ఆసుపత్రికి వచ్చిన బిడ్డలను బతికించడానికి, ఊళ్ళో దొరికే సరుకులతో, తక్కువ ఖర్చుతో ఎక్కువ శక్తి ఇచ్చేలా ఆనాటి శాస్త్రజ్ఞులు దాన్ని తయారుచేశారు. ఆ పని అది చేసింది. ఆ సందర్భంలో తీపి మందులాంటిది.

ఆ తర్వాత వచ్చిన అంగన్‌వాడీ ఆహారాలు ఆ పద్ధతినే కొనసాగించాయి. హైదరాబాదులో తయారై అంగన్‌వాడీల ద్వారా మూడేళ్ళ లోపు పిల్లలకు అందే 'బాలామృతం'లో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర ఉంది. విటమిన్లు, ఖనిజాలు చేర్చిన ఆహారం అది. బిస్కెట్‌తో పోల్చదగింది కాదు, ఎన్నో ఇళ్ళలో బిడ్డకు ఆధారం కూడా. కాని బక్కచిక్కిన బిడ్డకు మందుగా మొదలైన తీపి, మామూలు బిడ్డకు నెలనెలా అలవాటుగా మారవలసిన పని లేదు. తీపి తగ్గిస్తే పిల్లలు తినరన్న భయం ఉంటే, క్రమంగా తగ్గిస్తూ పోవచ్చు. మరో మాట. చక్కెరకు బదులు బెల్లం వేస్తే దోషం పోతుందనుకోవడం భ్రమ. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్నా, శరీరానికి అదీ చక్కెరే.

తీపి ఎంత దూరం వస్తుంది?

పుట్టిన బిడ్డకు తీపి ఇష్టం సహజంగానే ఉంటుంది. తల్లిపాలు తియ్యగా ఉండడం ఇందుకు తగినట్టే ఉంది. చేదు, వగరు, ఆకుకూర రుచి మాత్రం నేర్చుకోవాలి. కొత్త కూరగాయను బిడ్డ మొదట ఉమ్మేస్తుంది. ఎనిమిది, పదిసార్లు ఓపికగా పెడితే అలవాటవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పదిసార్లలో ప్రతిసారీ పక్కన బిస్కెట్ సిద్ధంగా ఉంటే పాలకూర గెలవదు. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ అలవాటు ప్రభావం ఎంతకాలం ఉంటుందో తెలిపే ఒక ఆసక్తికరమైన అధ్యయనం 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో చక్కెరకు రేషన్ ఉండేది. 1953 సెప్టెంబరులో అది ఎత్తివేశాక పెద్దల చక్కెర వాడకం దాదాపు రెట్టింపయింది. రేషన్ పోవడానికి కాస్త ముందు పుట్టినవారినీ, తర్వాత పుట్టినవారినీ పెద్దయ్యాక పోల్చి చూశారు. గర్భంలో ఉన్నప్పటి నుంచి రెండేళ్ళ దాకా తక్కువ చక్కెరతో గడిపినవారికి రెండవ రకం మధుమేహం ముప్పు 35 శాతం, అధిక రక్తపోటు ముప్పు 20 శాతం మేర తక్కువగా ఉంది. ఇది ప్రయోగశాలలో చేసిన పరీక్ష కాదు. రేషన్‌తో పాటు మారిన ఇతర విషయాల ప్రభావం కొంత ఉండవచ్చు. అయినా మధుమేహం ఇంతగా విస్తరించిన మన దేశం ఈ ఫలితాన్ని పక్కన పెట్టలేదు.

దీన్ని మన చర్యలతో పోల్చి చూడండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ బోర్న్‌విటా వంటి పానీయాలను 'ఆరోగ్య పానీయాలు' అనే వర్గం నుంచి తొలగించమని ఆన్‌లైన్ వర్తకులకు సూచించింది. 2025 మే నెలలో ఢిల్లీలోని కేంద్ర మాధ్యమిక విద్యామండలి బడుల్లో 'చక్కెర బోర్డులు' పెట్టమంది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపించే బోర్డులవి. అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్యాకెట్ల ముందు భాగాన హెచ్చరిక లేబుళ్ళ విషయం తేల్చమని నిపుణుల సంఘానికి గడువు పెట్టింది. అన్నీ మంచి పనులే. కాని బోర్డు చదవగలిగే వయసు వచ్చేసరికి నాలుక పాఠం పూర్తయిపోయి ఉంటుంది.

ఐదు రూపాయల ప్రశ్న

ఇంత తెలిసీ తల్లి బిస్కెట్ ఎందుకు కొంటుంది? అజ్ఞానం వల్ల అని రాయడం సులువు. ఢిల్లీ, గుర్‌గావ్, నోయిడాలలో మేడలు కట్టే కూలీ తల్లి వైపు నుంచి ఆలోచించండి. బిస్కెట్ పాడవదు. పొయ్యి వెలిగించనక్కరలేదు. బిడ్డ తానే పట్టుకుని తింటుంది. ఏడుపు వెంటనే ఆగుతుంది. ధర ఐదు రూపాయలు. ఐదు రూపాయలకు గుడ్డు రాదు. ఈ సుగుణాలన్నీ ఉన్న మంచి తిండి ఆమెకు ఎదురుగా లేనప్పుడు ఆమె ఎంపిక తెలివైనదే. ఉద్యోగానికి వెళ్ళే మధ్యతరగతి తల్లి విషయంలోనూ పెద్ద తేడా లేదు, ప్యాకెట్ ఖరీదు తప్ప.

అందుచేత పోస్టర్లు చాలవు. 1969లో ఢిల్లీలో కట్టడాల చోటే కూలీల పిల్లల కోసం మొదలైన 'మొబైల్ క్రెషెస్' చూపిన దారి ఇందుకు పనికివస్తుంది. తల్లి పనిచేసే చోట బిడ్డను చూసుకునే మనిషి ఉండి, వేళకు వండిన తిండి పెడితే బిస్కెట్ అవసరం దానంతటదే తగ్గుతుంది. అంగన్‌వాడీతో పాటు శిశు సంరక్షణ కేంద్రం నడిపే 'పాల్నా' పథకం ఆ దిశలోనిదే. పోషకాహార చర్చల్లో పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు ఇచ్చే చోటులో కొంత ఈ కేంద్రాలకూ ఇవ్వాలి.

ఏం మారాలి?

మొదట సలహా మారాలి. మూడేళ్ళ లోపు పిల్లల చిరుతిండికి విడిగా ఒక పేజీ ఉండాలి. అందులో 'మానండి' అనే జాబితా కన్నా ముందు 'పెట్టండి' అనే జాబితా ఉండాలి. అది బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గుతో మొదలుకావచ్చు. చిక్కటి రాగి జావలో వేరుశనగ పొడి, పెరుగన్నం, పప్పులో నలిపిన చపాతీ, దోరగా కాక బాగా మగ్గిన పండు, ఉడికిన గుడ్డు - ఏ ప్రాంతానికి తగ్గట్టు ఆ ప్రాంతం రాసుకోవచ్చు. వేరుశనగ గింజలు, శనగలు, ద్రాక్షపండ్లు వంటివి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది గనుక పసివారికి పొడిచేసి గాని, నలిపి గాని, చిన్న ముక్కలుగా కోసి గాని పెట్టాలన్న హెచ్చరిక తప్పనిసరి.

రెండవది చట్టం. 20 శాతం వెసులుబాటు ఇచ్చే వాక్యాన్ని తొలగించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2022లో ప్రచురించిన నమూనా ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే ఏ ఆహారంలోనూ అదనపు చక్కెర ఉండకూడదు. మనకూ ఆ వయసు మూడేళ్ళు కావాలి. ఇక బిస్కెట్ల వంటివి 'శిశు ఆహారం' కానంటూ తప్పించుకుంటాయి కాబట్టి, వాటి మీద 'రెండేళ్ళ లోపు పిల్లలకు తగదు' అని రాయించాలి. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లని ఎనిమిది పలకల గుర్తు వేయిస్తోంది. ఆ గుర్తును అక్షరం రానివారూ పోల్చుకోగలరు.

మూడవది లేబుల్ భాష. ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్ర భాషలో చక్కెర, ఉప్పు, కొవ్వు వివరాలైనా ఉండాలి. తెలుగులో ప్రకటన ఇవ్వగల కంపెనీకి తెలుగులో నాలుగు అంకెలు, మూడు మాటలు అచ్చువేయడం భారం కాదు. ఆ ప్యాకెట్ కొనేది పెద్దవాళ్ళే అయినా తినేది తనంత తాను చదువుకోలేని బిడ్డ. చదవగలిగినవారికైనా చదివే వీలు కల్పించకుండా "లేబుల్ చదవండి" అని పదిహేడవ సూత్రంగా రాయడం వల్ల ప్రయోజనం లేదు.